పాలీఎమైన్లు కణాలను పెంచాలి కదా, నా ప్లేట్లలో ఎందుకు చంపుతున్నాయి?

స్వాతిచినుకు (కావలి)

నమస్కారం. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో ఒక చిక్కు వచ్చింది. జీవరసాయనం తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని మా అన్నయ్య చెబితే రాస్తున్నాను.

ఎలుక ఫైబ్రోబ్లాస్టు (బంధక కణజాలపు) కణాలకు ఒక రోజు సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఆపితే విభజన ఆగిపోతుంది. అప్పుడు ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ (కణాలకు పెరగమని సంకేతమిచ్చే ప్రోటీన్), ఇన్సులిన్ కలిపి ఇస్తే మళ్ళీ మొదలవుతుంది. ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. రెండో భాగం పాలీఎమైన్ల మీద, అంటే కణంలో ధనావేశంతో ఉండే చిన్న ఎమైన్ అణువుల మీద. పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ లేకుండా కణం విభజన చెందదని చదివాం కాబట్టి, స్పెర్మిడిన్‌ను బయటి నుంచి ఇస్తే విభజన ఇంకా జోరందుకుంటుందని ఊహించాం. జరిగింది వేరు. పది శాతం దూడ సీరమ్ ఉన్న ప్లేట్లలో స్పెర్మిడిన్ వేస్తే మర్నాటికి కణాలు గుండ్రంగా ముడుచుకుని, అడుగు వదిలేసి పైకి తేలుతున్నాయి. సీరమ్ లేని ప్లేట్లలో చావూ లేదు, పెరుగుదలా లేదు.

రసాయనం పాడై ఉంటుందని గైడు గారు కొత్త సీసా తెప్పించారు. అదీ అంతే. ఇప్పుడు నావి రెండు సందేహాలు. పెంచాల్సినది చంపడం ఏమిటి? అసలు విభజనకు ఆజ్ఞ ఇచ్చేది గ్రోత్ ఫ్యాక్టరా, పాలీఎమైనా? రెండో ప్రశ్న వైవాలో తప్పక వస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు.

పరిశోధక పక్షి (నెల్లూరు, ప్రస్తుతం హైదరాబాదు)

సీసాలో దోషం లేదమ్మా, సీరమ్‌లో ఉంది. నెమరువేసే పశువుల సీరమ్‌లో ఎమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. అది స్పెర్మిన్‌ను, స్పెర్మిడిన్‌ను ఆక్సీకరణం చేసి ఆల్డిహైడ్లను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, అమ్మోనియాను వదులుతుంది. ఆ ఆల్డిహైడ్ల నుంచి అక్రోలిన్ పుడుతుంది. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్ళు మండించేది అదే. నీ కణాలు చచ్చింది ఈ విషాల వల్ల. సీరమ్ లేని ప్లేట్లలో ఎంజైమ్ లేదు, అందుకే చావలేదు.

మాధ్యమంలో ఒక మిల్లీమోలార్ అమినోగ్వానిడిన్ కలిపి చూడు. ఆ ఎంజైమ్ పని ఆగుతుంది. లేదంటే స్పెర్మిడిన్ బదులు పుట్రెసిన్ వాడు, దాన్ని ఆవు సీరమ్ ఎంజైమ్ పెద్దగా ముట్టుకోదు. ఈ రంగంలో పాత ప్రయోగాలు ఎక్కువ భాగం పుట్రెసిన్‌తోనే నడవడానికి ఇదొక కారణం.

రెండో ప్రశ్నకు మాస్టారు వస్తారు. ఆయన రాకముందే నేను నోరు జారితే తరువాత వాయిస్తారు.

ఒంగోలు మాస్టారు

వచ్చాను. పక్షి మొదటి ప్రశ్నకు సరిగ్గానే చెప్పాడు.

రెండోదానికి కాలక్రమం చూస్తే సగం జవాబు దొరుకుతుంది. నిద్రాణంగా ఉన్న కణానికి గ్రోత్ ఫ్యాక్టర్ తగిలిన క్షణాల్లోనే బయటి పొరలోని గ్రాహకాలు జతకట్టి, ఒకదాని టైరోసిన్ల మీద మరొకటి ఫాస్ఫేటు తగిలిస్తాయి. అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే వరుసలో సందేశం లోపలికి పోతుంది. మొదటి గంటలోపే విభజనకు దారి తీసే ఫాస్, మిక్ జన్యువులు లేస్తాయి. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్, అంటే ఓడీసీ, శిఖరానికి చేరుతుంది. ఆర్నిథిన్ నుంచి పుట్రెసిన్ చేసే ఎంజైమ్ అదే. డీఎన్‌ఏ ప్రతిరూపణ మొదలయ్యేది సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల తరువాత. అంటే ముందు సంకేతం, తరువాత పాలీఎమైన్లు, ఆ తరువాతే డీఎన్‌ఏ.

1968లో డయాన్ రస్సెల్, సాలమన్ స్నైడర్ ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసి చూశారు. మిగిలిన ముక్క తిరిగి పెరగడానికి సిద్ధమవుతూ కొన్ని గంటల్లోనే ఓడీసీని విపరీతంగా పెంచుకుంది. కోడిపిల్ల పిండంలోనూ, కణితుల్లోనూ అదే కనిపించింది. ఈ శాఖ అంతా ఆ పరిశీలన నుంచి ఎదిగిందే.

కాబట్టి ఆజ్ఞ గ్రోత్ ఫ్యాక్టర్‌ది. పాలీఎమైన్ ఆ ఆజ్ఞ అమలు కావడానికి తప్పనిసరి సామగ్రి. ఆజ్ఞ లేకుండా సామగ్రి కుమ్మరించావు, అందుకే సీరమ్ లేని ప్లేటులో ఏమీ జరగలేదు.

పరిశోధక పక్షి

మాస్టారూ, "సామగ్రి" దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 1992లోనే ఓడీసీని మితిమీరి తయారయ్యేలా చేస్తే ఎన్ఐహెచ్ 3టీ3 అనే ఎలుక ఫైబ్రోబ్లాస్టు కణాలు కేన్సర్ కణాల స్వభావానికి మారిపోయాయి. వట్టి సామగ్రి అయితే అలా మార్చగలదా?

ఒంగోలు మాస్టారు

ఆ 3టీ3 కణాలు అప్పటికే సగం దారి తప్పినవి. చావులేకుండా విభజన చెందుతూ ఉండే కణజాతి అది. బతికున్న జంతువు సంగతి చూడు. చర్మంలో ఓడీసీ ఎక్కువగా ఉండేలా పుట్టించిన ఎలుకలకు ఊరికే కణితులు రాలేదు. ఒక్క మోతాదు కేన్సర్ కారకం రాశాక వచ్చాయి. మామూలు ఎలుకలకైతే ఆ మోతాదు తరువాత వారాల తరబడి ప్రేరకం (కణితి పెరిగేలా చేసే రసాయనం) కూడా పూయాలి, వీటికి ఆ పూత అవసరం పడలేదు. అంటే పాలీఎమైన్ నిప్పు పెట్టలేదు, పెట్టిన నిప్పును ఆరనివ్వలేదు.

పరిశోధక పక్షి

అంటే ప్రేరకం చేసే పనిని ఓడీసీ ఒక్కటే చేసిందన్నమాట. నేను అనేదీ అదే. వైవాలో "సామగ్రి మాత్రమే" అని చెబితే ఎవరో ఒకరు ఈ ఎలుకల్ని తెచ్చి బల్ల మీద పెడతారు.

ఒంగోలు మాస్టారు

"మాత్రమే" అనే మాట నేను వాడలేదు. పైకి వెళ్ళి చూసుకో.

డ్రెస్సింగ్ గది (నెల్లూరు)

మీ ఎలుకల మధ్య నేనొక మనుషుల ప్రశ్న అడగొచ్చా? నర్సుగా పనిచేస్తాను. మధుమేహంతో కాలి పుండ్లు వచ్చినవాళ్ళకు డాక్టర్లు అప్పుడప్పుడు ఈజీఎఫ్ జెల్ రాస్తారు. మొన్న ఒక పెద్దాయన కొడుకు నెట్‌లో ఏదో చదివి వచ్చి, "ఇది కణాలను పెంచే మందు, మా నాన్నకు కేన్సర్ తెస్తుంది, రాయొద్దు" అని గొడవ. డాక్టర్ గారు సర్దిచెప్పారు కానీ, నాకూ లోపల ఒక మూల అనుమానం మిగిలిపోయింది. ఇంకో సంగతి. కొందరికి ఆ జెల్‌తో పుండు చకచకా మానుతుంది, కొందరికి ట్యూబులు అయిపోయినా ఎక్కడిదక్కడే. ఎందుకు?

ఒంగోలు మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. ముందు ఈజీఎఫ్ పుట్టుపూర్వోత్తరాలు. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. మామూలుగా రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్ళు వారానికే తెరుచుకున్నాయి, పళ్ళూ ముందే వచ్చాయి. ఆ రసంలో ఏముందని వెతికితే 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ దొరికింది. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. నాడీకణాల మీద పనిచేసే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనిపెట్టిన రీటా లెవి మోంటాల్చినితో కలిపి కోహెన్‌కు 1986లో నోబెల్ ఇచ్చారు.

రొయ్యల చెరువు (అల్లూరు)

లాలాజలంలోనా! అందుకేనా కుక్క తన పుండును తనే నాకి మాన్పుకుంటుంది? మా తాత కూడా దెబ్బ తగిలితే ఉమ్మి రాసుకోమనేవాడు.

డ్రెస్సింగ్ గది

అన్నా, దయచేసి ఆ సలహా ఇక్కడ వ్యాపింపజేయకండి. నోట్లో ఉండే బాక్టీరియా లెక్క మీకు తెలియదు. షుగరు ఉన్న కాలి మీద ఉమ్మి రాస్తే మా వార్డుకే వస్తారు.

పరిశోధక పక్షి

అక్కా, జెల్ సంగతి. మానని పుండులో ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు మితిమీరి ఉంటాయి. పైన రాసిన గ్రోత్ ఫ్యాక్టర్‌ను అవి ముక్కలు చేసేస్తాయి. చచ్చిన కండను చెక్కి తీయకుండా, ఇన్‌ఫెక్షన్ అదుపు కాకుండా, ఆ పాదం మీద బరువు పడకుండా చూడకుండా, రక్తం సరిగ్గా అందకుండా జెల్ ఒక్కటే రాస్తే పని జరగదు. మీరు చూసిన తేడాలో ఎక్కువ భాగం ఇదే అయ్యుంటుంది. అందులోనూ కణం దగ్గర ఆజ్ఞను అమలు చేసే వనరులు ఉండాలి: ఆక్సిజన్, అమైనో ఆమ్లాలు, వాటి నుంచి తయారయ్యే పాలీఎమైన్లు. ఆర్నిథిన్ ఎక్కువగా ఆర్జినిన్ నుంచి వస్తుంది. మాంసకృత్తులు తినని రోగికి పుండు మానకపోవడం మీరు రోజూ చూసేదే.

కేన్సర్ భయం పూర్తిగా గాలి కబురు కాదు. ఇదే కోవలోని పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎక్కువ ట్యూబులు వాడినవాళ్ళలో కేన్సర్ మరణాల గురించి 2008లో దాని పెట్టె మీద గట్టి హెచ్చరిక పెట్టించారు. తరువాత వచ్చిన సమాచారం ఆ భయాన్ని బలపరచలేదు, 2018లో ఆ హెచ్చరిక తీసేశారు. పుండు ఉన్నచోటే కణితి ఉంటే మాత్రం వాడకూడదు. ఆ అబ్బాయికి ఇది చెప్పవచ్చు.

డ్రెస్సింగ్ గది

ధన్యవాదాలు. దీనికి తిరగబడిన అనుభవం కూడా ఉంది. ఊపిరితిత్తుల కేన్సర్‌కు జెఫిటినిబ్ మాత్ర వాడే ఒకావిడకు ముఖం నిండా మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. ఈజీఎఫ్ గ్రాహకాన్ని ఆపే మందు కాబట్టి చర్మం కూడా దెబ్బతింటుందని అప్పుడు చెప్పారు. ఇప్పుడు అర్థమవుతోంది: చర్మం రోజూ ఆ సంకేతం మీదే బతుకుతోంది కదా.

నూరేళ్ళ ఆయుష్షు (నెల్లూరు)

అందరూ పాలీఎమైన్ అంటే కేన్సర్ అన్నట్టు మాట్లాడుతున్నారు. స్పెర్మిడిన్ ఆయుష్షు పెంచుతుందని రుజువైంది! నేను గోధుమ మొలక పొడి, క్యాప్సూల్ రెండూ వాడుతున్నాను. మోకాళ్ళ నొప్పి తగ్గింది, జుట్టు రాలడం తగ్గింది. స్వాతి గారూ, ప్లేట్లలో చావడం సీరమ్ తప్పే. మనిషి ఒంట్లో అది అమృతం.

ఒంగోలు మాస్టారు

అమృతం అంటే క్షీరసాగరం దాకా వెళ్ళాలి, మన దగ్గర బకింగ్‌హాం కాలువే ఉంది.

2009లో ఈస్టు, ఈగలు, నులిపురుగుల ఆయుష్షు స్పెర్మిడిన్‌తో పెరిగిందని వచ్చిన మాట నిజం. కణం తన పాత భాగాలను తానే జీర్ణం చేసుకునే ఆటోఫాజీ దానివల్ల ఉత్తేజితమవుతుంది. కానీ ఈగ నుంచి మనిషికి చాలా దూరం. మతిమరుపు మొదలవుతోందన్న అనుమానం ఉన్న పెద్దవాళ్ళకు ఏడాదిపాటు స్పెర్మిడిన్ ఉన్న గోధుమ మొలక క్యాప్సూల్ ఇచ్చి 2022లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్ళకూ వీళ్ళకూ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ మోకాళ్ళు తగ్గినందుకు సంతోషం. ఏది తగ్గించిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

నూరేళ్ళ ఆయుష్షు

మీలాంటివాళ్ళు ప్రతిదానికీ అడ్డం పడతారు. మరి బయటి నుంచి ఇస్తే పని చేయదంటారా?

పరిశోధక పక్షి

ఎందుకు నేరుగా పని చేయదో చెబుతాను, ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

కణం పాలీఎమైన్లను ఎంత కావాలో అంతే ఉంచుకుంటుంది. స్పెర్మిన్‌కు నాలుగు ధనావేశాలు, స్పెర్మిడిన్‌కు మూడు, పుట్రెసిన్‌కు రెండు. రుణావేశం ఉన్న ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలకు ఇవి అతుక్కుపోతాయి. తక్కువైతే విభజన ఆగుతుంది, ఎక్కువైతే విషం. అందుకే ఓడీసీ మీద ఇంత కాపలా. మన కణాల్లో దాని అర్ధాయువు పది నుంచి ముప్పై నిమిషాలే. అంత త్వరగా నశించే ఎంజైములు చాలా అరుదు. దాన్ని పట్టి ఇచ్చేది యాంటీజైమ్ అనే ప్రోటీన్. మామూలుగా చెత్తకు పంపాల్సిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గుర్తు తగిలించాలి. యాంటీజైమ్ ఆ తతంగమేమీ లేకుండా ఓడీసీ జంటను విడదీసి నేరుగా, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియోజోమ్‌కు అప్పగిస్తుంది.

ఇక యాంటీజైమ్ పుట్టుక చూడండి. దాని ఎంఆర్‌ఎన్‌ఏను చదువుతూ వచ్చే రైబోజోమ్ మధ్యలో ఒక ఆపు సంకేతం దగ్గర ఆగిపోవాలి. పాలీఎమైన్లు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం రైబోజోమ్ సరిగ్గా అక్కడ ఒక్క అక్షరం ముందుకు జారి, ఆ ఆపును తప్పించుకుని ప్రోటీన్‌ను పూర్తి చేస్తుంది. అంటే పాలీఎమైన్లు పెరిగితే యాంటీజైమ్ పుడుతుంది, అది ఓడీసీని చంపుతుంది, బయటి నుంచి వచ్చే పాలీఎమైన్ల దారినీ మూస్తుంది. మేడ మీద ట్యాంకు నిండగానే తేలే బంతి లేచి నీళ్ళు ఆపేసే ఏర్పాటు లాంటిది. మీరు క్యాప్సూల్ మింగినా, స్వాతి ప్లేటులో పోసినా, ఆరోగ్యంగా ఉన్న కణం చేసేది తన సొంత తయారీ తగ్గించుకోవడమే.

గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చినప్పుడు ఆ బంతిని కిందికి నొక్కి పట్టేవి పుడతాయి. మిక్ ప్రోటీన్ ఓడీసీ జన్యువు మీద కూర్చుని ఎంఆర్‌ఎన్‌ఏ పెంచుతుంది. ఎంటార్ అనే ఇంకో సంకేత మార్గం ఆ ఎంఆర్‌ఎన్‌ఏ అనువాదాన్ని పెంచుతుంది. ఇవి చాలవన్నట్టు యాంటీజైమ్ నిరోధకం అనే ఇంకో ప్రోటీన్ వస్తుంది. చూడ్డానికి అచ్చం ఓడీసీలాగే ఉంటుంది కానీ ఎంజైమ్ పని చేయదు. యాంటీజైమ్ దీన్నే గట్టిగా పట్టుకుంటుంది, అసలు ఓడీసీ బయటపడుతుంది.

ఒంగోలు మాస్టారు

ఈ పోస్టు వైవాకు సరిపోతుంది. స్వాతీ, ప్రింటు తీసి పెట్టుకో.

పొగాకు రైతు (కొండపి)

అయ్యా, నాకు రాస్‌లూ రాఫ్‌లూ తెలియవు. పుట్రెసిన్ అనే పేరు మాత్రం ఒక రైతు శిక్షణలో విన్నాను. పొగాకులో నికోటిన్ దాన్నుంచే తయారవుతుందని ఆ శాస్త్రవేత్త చెప్పాడు. నిజమేనా? నిజమైతే, తల తుంచాక ఆకు మందమెక్కి ఘాటు పెరగడానికీ, ఆ వెంటనే ప్రతి కణుపు నుంచీ పిలకలు విరుచుకుపడటానికీ ఈ మీ కణాల గోలకీ ఏమైనా సంబంధం ఉందా? పిలకలు గిల్లే కూలీల ఖర్చు తలుచుకుంటే నిద్ర పట్టదు.

నిర్వాహకుడు

పొగాకు ధరల చర్చ ఇక్కడ వద్దు, వేరే అంశం ఉంది. ఈ ప్రశ్న మాత్రం విషయంలోదే, కొనసాగించండి.

ఒంగోలు మాస్టారు

నిజమే, నాయనా. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇది నాకు బాగా నచ్చింది.

నికోటిన్ ఆకులో పుట్టదు, వేరులో పుడుతుంది. వేరులో పుట్రెసిన్‌కు ఒక మిథైల్ తగిలించే ఎంజైమ్ ఉంటుంది. దారి అక్కడ చీలుతుంది. మిథైల్ తగలని పుట్రెసిన్ స్పెర్మిడిన్ అయి కణాల పనికి పోతుంది, తగిలినది నికోటిన్ వైపు పోతుంది. ఆ మిథైల్ ఎంజైమ్ జన్యువు స్పెర్మిడిన్ చేసే ఎంజైమ్ జన్యువు నుంచే పరిణామంలో చీలి వచ్చింది. పెరుగుదల కోసం ఉన్న పాత యంత్రాన్ని పొగాకు జాతి పురుగుల మీద విషం తయారు చేయడానికి మళ్ళించుకుంది.

తల తుంచినప్పుడు రెండు జరుగుతాయి. కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ తగ్గుతుంది. ఆ హార్మోను తగ్గడం, గాయం సంకేతంగా జాస్మోనేట్ అనే హార్మోను పుట్టడం కలిసి వేరులో నికోటిన్ తయారీని పెంచుతాయి. ఘాటు అందుకే. అదే ఆక్సిన్ అప్పటిదాకా కణుపుల్లోని మొగ్గలను అణిచి ఉంచింది. అది పోగానే సైటోకైనిన్ల (కణ విభజనను పెంచే మొక్క హార్మోన్ల) పైచేయి అయి మొగ్గల్లోని కణాలు విభజన మొదలుపెడతాయి. మీ పిలకలు అవే.

స్వాతీ, నువ్వు గమనించాల్సింది ఏమిటంటే మొక్కలో ఈజీఎఫ్ లేదు, పీడీజీఎఫ్ లేదు. ఆజ్ఞలిచ్చే హార్మోన్లు వేరు, గ్రాహకాలు వేరు. కానీ పుట్రెసిన్, స్పెర్మిడిన్ మాత్రం మనకున్నవే. ఆజ్ఞ ఏ జీవికి ఆ జీవిది. అమలు చేసే ఎమైన్లు పొగాకు మొక్కకూ, ఈస్టుకూ, ఒంగోలు గిత్తకూ ఒకటే. ఆజ్ఞ, అమలు వేర్వేరని నేను పట్టుబట్టేది అందుకే.

పొగాకు రైతు (కొండపి)

అంటే పిలక గిల్లడం మానేస్తే ఆ సరుకంతా పిలకకు పోతుంది. మా నాన్న చెప్పిందీ ఇదే, ఇన్ని పేర్లు లేకుండా.

రొయ్యల చెరువు

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఐసు చాలని లోడు తెరిస్తే వచ్చే కుళ్ళు వాసన కూడా ఈ పుట్రెసిన్‌దేనా? కొనుగోలుదారు పరీక్షల్లో ఎమైన్లు అని ఏదో చూస్తారు.

పరిశోధక పక్షి

అదే. పుట్రెసిన్‌ను, కెడావరిన్‌ను 1885 ప్రాంతంలో లుడ్విగ్ బ్రీగర్ అనే జర్మన్ వైద్యుడు కుళ్ళిన మాంసంలోనే గుర్తించాడు. చల్లదనం తగ్గితే బాక్టీరియా ఆర్నిథిన్‌ను పుట్రెసిన్‌గా, లైసిన్‌ను కెడావరిన్‌గా, హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. ఉడికించినా ఇవి పోవు. తాజాదనం కొలవడానికి ఇవి పనికొచ్చేది అందుకే. అక్కడ కుళ్ళు గుర్తు, ఇక్కడ పెరుగుదల గుర్తు, రెండుచోట్లా అదే అణువు. మన పొదలకూరు నిమ్మ ఉంది చూశారా, ఆ సిట్రస్ జాతి పళ్ళలో కూడా, మిగతా పళ్ళతో పోలిస్తే, పుట్రెసిన్ ఎక్కువే. దానికి ఏ వాసనా రాదు, మోతాదు అంత చిన్నది.

స్వాతిచినుకు (కావలి)

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. పాలీఎమైన్ కలిపితే పెరుగుదల రాదని అర్థమైంది. మరి అది తప్పనిసరి అని నా ప్లేట్లలో ఎలా చూపాలి? ఉన్నదాన్ని తీసేయాలా?

ఒంగోలు మాస్టారు

తీసేయాలి. డీఎఫ్‌ఎంఓ వాడాలి, ఎఫ్లోర్నిథిన్ అన్నా అదే. ఆర్నిథిన్‌లా నటిస్తూ ఓడీసీలోకి వెళ్ళి, అక్కడే శాశ్వతంగా అతుక్కుని దాన్ని పాడు చేస్తుంది.

దాని కథ కూడా తెలుసుకో, వినదగ్గది. కేన్సర్ కోసం తయారు చేశారు. కేన్సర్ మీద అప్పట్లో అనుకున్నంత పని చేయలేదు. ఆఫ్రికా అతినిద్ర జబ్బు మీద పని చేసింది. ఆ పరాన్నజీవి ఓడీసీ మన దానిలా నిమిషాల్లో నశించదు, చాలాసేపు ఉంటుంది. మన కణం పాడైన ఓడీసీ స్థానంలో కొత్తది వెంటవెంటనే చేసుకుంటుంది, ఆ క్రిమి చేసుకోలేదు. కోమాలోకి జారినవాళ్ళు లేచి కూర్చునేవారు. 1990లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొనగలిగినవాళ్ళకు ఆ జబ్బు లేదు, జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర డబ్బు లేదు. తయారీ ఆపేశారు. 2000లో అదే రసాయనం ఆడవాళ్ళ ముఖం మీద అవాంఛిత రోమాలు తగ్గించే క్రీముగా వచ్చింది. రోమకూపం కూడా చకచకా విభజన చెందే చోటే కదా. ఆ తరువాత వైద్య స్వచ్ఛంద సంస్థలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒత్తిడి చేస్తే ఆఫ్రికాకు మళ్ళీ మందు అందింది. ఈ వరుస తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పరిశోధక పక్షి

దానికి తరువాయి భాగం ఉంది. పెద్దపేగులో లేచే చిన్న గడ్డలు, అంటే పాలిప్‌లు తీసేసినవాళ్ళకు మూడేళ్ళపాటు డీఎఫ్‌ఎంఓ, సులిండాక్ అనే వాపు తగ్గించే మందు కలిపి ఇచ్చిన పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 41 శాతం మందికి పాలిప్‌లు మళ్ళీ వచ్చాయి, మందు తిన్నవారిలో 12 శాతానికే. వినికిడి కొంత తగ్గడం దీని దుష్ఫలితాల్లో ఒకటి, ఎక్కువమందిలో మందు ఆపాక తిరిగి వస్తుంది. 2023 డిసెంబరులో పసిపిల్లలకు వచ్చే నాడీకణాల కేన్సర్ న్యూరోబ్లాస్టోమాలో, చికిత్స ముగిశాక జబ్బు తిరగబెట్టకుండా ఇవ్వడానికి అనుమతి వచ్చింది. తీవ్రమైన న్యూరోబ్లాస్టోమాల్లో చాలావాటిలో మిక్ కుటుంబపు జన్యువు ఒకటి ఎన్నో ప్రతులుగా ఉంటుంది. ఓడీసీని లేపేది ఆ కుటుంబమేనని పైన చెప్పాను కదా.

డ్రెస్సింగ్ గది

కణాల పెరుగుదలకు కావలసినది ఆపి కేన్సర్‌ను కట్టడి చేయడం అంటే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి దారే కదా? ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే మందు.

ఒంగోలు మాస్టారు

ఆలోచన ఒకటే, చోటు వేరు. ఆయన బృందం లెడర్లే మందుల కంపెనీలో చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త కేన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కి తిప్పాడు. అది డీఎన్‌ఏకు కావలసిన ముక్కల తయారీని ఆపుతుంది. డీఎఫ్‌ఎంఓ అంతకు ముందు అంచెలో పట్టుకుంటుంది, చంపడం కంటే నిలిపివేయడమే ఎక్కువ. పాలీఎమైన్లు తరిగిన కణాలు చాలావరకు డీఎన్‌ఏ ప్రతిరూపణకు ముందుండే జీ1 దశలో ఆగిపోతాయి. పేగు పొర కణాల్లో అయితే విభజనకు అడ్డుకట్ట వేసే పీ53, పీ21 ప్రోటీన్లు పెరిగి ఆపుతాయి. స్పెర్మిడిన్ లేకపోతే ఇంకో దెబ్బ కూడా ఉంది. ఈఐఎఫ్5ఏ అనే ప్రోటీన్‌లో ఒకే ఒక్క లైసిన్‌కు స్పెర్మిడిన్ ముక్క తగిలి హైపుసిన్ అవుతుంది. శరీరంలో ఇంకే ప్రోటీన్‌లోనూ అది లేదు. అది లేకపోతే వరుసగా ప్రోలిన్లు వచ్చే చోట రైబోజోమ్ నిలిచిపోతుంది.

పరిశోధక పక్షి

స్వాతీ, నాలుగు రకాల ప్లేట్లు పెట్టు. ఊరికే ఉంచినవి, ఈజీఎఫ్ ఇచ్చినవి, డీఎఫ్‌ఎంఓ తరువాత ఈజీఎఫ్ ఇచ్చినవి, ఆ రెండింటితో పాటు పుట్రెసిన్ కూడా ఇచ్చినవి. డీఎఫ్‌ఎంఓ అయిదు మిల్లీమోలార్, పుట్రెసిన్ పది మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టు. మూడో రకంలో ఆజ్ఞ ఉన్నా విభజన కుంటుపడాలి, నాలుగో రకంలో తిరిగి లేవాలి. డీఎఫ్‌ఎంఓను ఈజీఎఫ్‌తో పాటే వేయకు. పుట్రెసిన్ గంటల్లో తరిగిపోతుంది కానీ స్పెర్మిడిన్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, స్పెర్మిన్ నాలుగు రోజుల తరువాత కూడా కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి ముందే వేసి రోజులు గడవనివ్వు. సీరమ్ ఉన్నప్పుడల్లా అమినోగ్వానిడిన్ మరవకు. దానికి విడిగా ఒక నియంత్రణ ప్లేటు కూడా పెట్టు.

స్వాతిచినుకు (కావలి)

అమినోగ్వానిడిన్ ప్లేట్లు ఇవాళ చూశాం. స్పెర్మిడిన్ వేసినా కణాలు అడుగుకు అతుక్కునే ఉన్నాయి! లెక్కలో మాత్రం అదనపు పెరుగుదల ఏమీ లేదు, మీరందరూ చెప్పినట్టే. గైడు గారు నమ్మక మైక్రోస్కోపు దగ్గరికి స్వయంగా వచ్చి చూశారు. డీఎఫ్‌ఎంఓ ఆర్డరు పెట్టాం, రావడానికి సమయం పడుతుందట. వచ్చాక ఎంటీటీ పరీక్షతో కొలుస్తాం.

ఒంగోలు మాస్టారు

ఎంటీటీ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. అది కొలిచేది కణాల జీవక్రియను, సంఖ్యను కాదు. గ్రోత్ ఫ్యాక్టర్ తగిలిన కణం విభజన చెందకపోయినా జీవక్రియ పెంచుకుంటుంది. నీ మూడో రకం ప్లేట్లలో సరిగ్గా అదే జరిగి, విభజన ఉందన్న తప్పుడు జవాబు వస్తుంది. ట్రిప్సిన్‌తో లేపి హీమోసైటోమీటర్‌లో లెక్కపెట్టండి. డబ్బులుంటే కొత్తగా తయారయ్యే డీఎన్‌ఏను గుర్తించే బీఆర్‌డీయూ పరీక్ష కూడా.

నూరేళ్ళ ఆయుష్షు

ఆ ఫలితం కూడా ఇక్కడ పెట్టండి స్వాతి గారూ. అప్పటిదాకా నా క్యాప్సూల్ నేను మానను.